పదకొండు నుంచి పన్నెండు దాకా సున్నా

పదకొండయింది, వాల్వు తిప్పేశాను, ఇంక గంటసేపు నేను చెయ్యాల్సిన పనేం లేదు, చూస్తూ కూర్చోవడమే, చూస్తూ కూర్చోవడమంత కష్టం ఇంకోటి లేదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఈ చదువు జోలికే వచ్చేదాన్ని కాదు. ఎదురుగా అద్దాల పెట్టె, చేపల తొట్టంత ఉంటుంది, మధ్యలో నా సెన్సర్, నా చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. పెట్టె కిందనుంచి సన్నటి గొట్టంలో హైడ్రోజన్ లోపలికి వస్తోంది, వస్తోందని నాకు తెలుసు కాబట్టి వస్తోంది, లేకపోతే రంగా, వాసనా, చప్పుడా, ఏమీ లేదు. ఎంత నెమ్మదిగా అంటే, పన్నెండయ్యేసరికి పెట్టెలో గాలి నూరు పాళ్ళనుకుంటే అందులో ఒక్క పాలు ఇది ఉంటుంది. నాలుగు పాళ్ళు దాటితే గానీ నిప్పురవ్వకి అంటుకోదు, అందుకని ఈ గదిలో నాకు ఏ ప్రమాదమూ లేదు, ప్రమాదం ఉంటే గోడ అవతల, ఈ సెన్సర్‌ని కట్టబోయే హైడ్రోజన్ హాల్లో ఉంది. పెట్టె పక్కన తెర, తెర మీద అంకె, సున్నా పాయింటు సున్నా. అది సున్నా పాయింటు నాలుగుకి చేరగానే సెన్సర్ అరవాలి. లెక్క ఎవరైనా చెప్తారు, పదకొండూ ఇరవై నాలుగుకి అరవాలి. అరిస్తే నేను వట్టి పిరికిదాన్ని, ఊరికే అందర్నీ కంగారు పెట్టాను, సంతకం పెట్టేసి ఇంటికి పోయి గింజల పులుసు కాచుకుంటాను. అరవకపోతే మాత్రం, సరే, అరవకపోతే సంగతి అప్పుడు చూద్దాం, ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు.

పాంటెలిస్ గారికి నా మీద పీకల దాకా కోపం ఉంది, పాపం పైకి అనడు, చేతి గడియారం మాత్రం పదే పదే చూసుకుంటాడు. మేం ఏడుగురం పనిచేసే చిన్న వర్క్‌షాపుకి ఆయనే యజమాని, ఆయనే గుమాస్తా, వ్యాను నడిపేదీ ఆయనే. పొద్దున పదిన్నరకి అసలు పరీక్ష అయిపోయింది. హైడ్రోజన్ కంపెనీ తరఫున టైలు కట్టుకున్న వాళ్ళు ముగ్గురొచ్చారు, పెట్టెలోకి ఒక్క ఊపున గ్యాస్ వదిలారు, రెండు సెకన్లు, రెండే రెండు సెకన్లు, నా సెన్సర్ కెవ్వుమంది. చప్పట్లు కొట్టారు. పరీక్ష కాగితం అడిగేది అదే, ఎంత తొందరగా అరుస్తుంది అని. ఎంత నెమ్మదిగా వస్తే అరవడం మానేస్తుంది అని ఎవరూ అడగరు. కాగితం మీద రెండు సంతకాలు కావాలి, పైన నాది, తయారుచేసినదాన్ని కాబట్టి, కింద లాజరోస్‌ది, ఆ హాలుకి మేస్త్రీ కాబట్టి, నా మొగుడు కావడం దాని తర్వాతి సంగతి. పెన్ను చేతికిచ్చారు. నేను "ఒక్క గంట ఆగండి పాంటెలిస్ గారూ, చిన్న అనుమానం ఉంది" అన్నాను. ఆయన నన్ను పక్కకి లాక్కెళ్ళి, "అనుమానమా? ఇప్పుడా? అమ్మా ఆర్గిరో, నీకు దండం పెడతాను, ఈ అనుమానం వేసవిలోనే వచ్చి చావకూడదా తల్లీ?" అన్నాడు. వాళ్ళకేదో సర్దిచెప్పి కాఫీకి తీసుకుపోయాడు. పన్నెండింటికి వస్తారు.

సున్నా పాయింటు సున్నా. పదకొండూ ఏడు. ఈ గది నాకు కొత్త కాదు, ఇది లిగ్నైట్ బొగ్గు గనివాళ్ళు బట్టలు మార్చుకునే గది, గోడవారన ఇనప బీరువాలు ఇంకా అలాగే ఉన్నాయి, తలుపులు ఊడినవి కొన్ని, తాళాలు పోయినవి కొన్ని, కిటికీ పక్కన మూడోది నాన్నది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నాన్న ఆ బీరువా తీశాడు, మూశాడు, ఎంత తోముకున్నా కనుబొమల్లో నలుపు పోయేది కాదు, పెళ్ళి ఫోటోలో కూడా ఉంది ఆ నలుపు. నేను యూనివర్సిటీలో గ్రాఫీన్ మీద పని చేస్తున్నానని చెప్పిన రోజు, అదేమిటే అన్నాడు. బొగ్గే నాన్నా, పెన్సిల్ ముల్లులో ఉండే బొగ్గే, దాన్ని ఒక్క అణువు మందం మిగిలేదాకా పలచన చేస్తే గ్రాఫీన్ అంటారు అన్నాను. నాన్న ముందు నమ్మలేదు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను టన్నులకి టన్నులు తవ్వితే నాకిచ్చే జీతం, నువ్వు ఒక్క పొర తీసి తీసుకుంటావన్న మాట! ఏం అదృష్టమే నీది!" కాఫీ కొట్టులో ఊరందరికీ చెప్పుకున్నాడు, మా అమ్మాయి మన బొగ్గులోంచి ముక్కు తయారుచేస్తోంది అని. ముక్కు, ఆయన పెట్టిన పేరే అది. ఆ మాట ఎంత సరైనదో నాకు నిన్న రాత్రి దాకా తెలియలేదు.

ఒక్క గ్రాఫీన్ చాలదు, దానికి హైడ్రోజనూ ఒకటే, ఆవిరీ ఒకటే. అందుకని పలాడియం అనే లోహం రవ్వలు చల్లుతాం, మా ఇళ్ళలో పండక్కి చేసే బాదం బిస్కత్తుల మీద చక్కెర పొడి జల్లినట్టు, అక్కడోటి అక్కడోటి. హైడ్రోజన్ వచ్చి ఆ రవ్వల్లో ఇంకుతుంది, ఇంకగానే కింద గ్రాఫీన్‌లో కరెంటు నడక మారుతుంది, ఆ మార్పుని మేం చదువుతాం. చెప్పడానికి ఇంతే. తయారుచెయ్యడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. తొమ్మిదేళ్ళలో నా జుట్టు సగం నెరిసింది, లాజరోస్ పని చేసే గని మూతపడింది, గని పక్క కరెంటు కేంద్రం చలవ గోపురాలని మందుపెట్టి పేల్చేశారు, ఆ రోజు ఊళ్ళో జనం మేడలెక్కి చూశారు, కొందరు ఫోన్లు పట్టుకుని, కొందరు కళ్ళు తుడుచుకుంటూ. లాజరోస్ మేడ ఎక్కలేదు. వంటగదిలో కూర్చుని చప్పుడు విని, "అయిపోయిందా?" అని అడిగాడు, అయిపోయింది అన్నాను. మూడేళ్ళు పాచికలాడాడు కాఫీ కొట్టులో. మనిషి ఎంత మంచివాడైనా మూడేళ్ళు పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోతే ఎలా తయారవుతాడో నాకు తెలుసు, చెప్పను. ఈ హైడ్రోజన్ హాలు వచ్చాక పాత గనివాళ్ళలో పన్నెండు మందిని తీసుకున్నారు, ఆరు నెలలు శిక్షణ ఇచ్చారు, లాజరోస్‌ని మేస్త్రీని చేశారు. ఇచ్చిన మొదటి రోజే ఆ పసుపు హెల్మెట్ ఇంట్లో అద్దం ముందు పెట్టుకుని చూసుకోవడం నేను చూశాను, చూడనట్టు నటించాను. డిసెంబరు నాలుగున, గనివాళ్ళ దేవత బార్బరా పండగ నాడు, బిషప్పుని పిలిచి హాలు తెరుస్తారు, ఆ రోజే గొట్టాల్లోకి గ్యాస్ వదులుతారు. ఇంకా మూడు వారాలుంది. నేను సంతకం పెడితే.

పదకొండూ పద్నాలుగు. సున్నా పాయింటు సున్నా. వెనక మూల పాత ముల్లు మీటరు పెట్టుకున్నాను, ఇటుక రాయంత బరువు ఉంటుంది, హాల్లో కట్టడానికి పనికిరాదు, ఎప్పుడూ దాని ముందు ఒక మనిషి కూర్చుని ఉండాలి, కానీ పెట్టెలో నిజంగా ఎంత ఉందో దానికి తెలుసు. దానివైపు చూడను. ఇరవై నాలుగయ్యేదాకా చూడను.

అసలు దీనికంతటికీ కారణం కోడిపుంజు. ఆగస్టులో నెల రోజులు నా సెన్సర్లని హాల్లో కట్టి వదిలేశాం, అప్పటికి గొట్టాలన్నీ ఖాళీ, గ్యాస్ అన్న మాటే లేదు, ఊరికే అలవాటు పడతాయని. రోజూ తెల్లారేసరికి కొండ మీదనుంచి తేమ దిగేది, గ్రాఫీన్‌కి తేమ అంటే పడి చావదు, నెమ్మదిగా నెమ్మదిగా అంకె పెరిగి సరిగ్గా ఏడున్నరకి కెవ్వుమనేది. మొదటి రోజు పన్నెండు మందీ ప్రాణాలరచేత పట్టుకుని బయటికి పరిగెత్తారు. రెండో రోజు నడిచారు. మూడో రోజు ఎవడో సెన్సర్ కింద గుప్పెడు మొక్కజొన్న గింజలు పోసిపెట్టాడు. ఊరంతా పాకిపోయింది, ఆర్గిరో కోడిపుంజు, తొమ్మిదేళ్ళు పొదిగి కోడిపుంజుని చేసింది. రొట్టెల దుకాణంలో అమ్మాయి కూడా, ఇవాళ కూసిందా అక్కా అని అడిగేది. లాజరోస్ భోజనాల దగ్గర, పదిమంది స్నేహితుల ముందు, చేతులు రెక్కల్లా ఆడిస్తూ కూసి చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఎంత మండిందో నాకు తెలుసు, మొగుడు కదా, కనీసం వాడైనా, సర్లే. మర్నాడు ఆదివారం, చర్చి గంటలు కొడుతుంటే నేను బల్ల దగ్గర కూర్చుని సెన్సర్‌ని నడిపే ప్రోగ్రాములో నాలుగు వరుసలు రాశాను. ఏం రాశాను? నెమ్మదిగా మారేదంతా తేమ, ఎండ, వయసు, వాటిని లెక్కలోకి తీసుకోకు. నిమిష నిమిషానికీ సున్నాని జరుపుకుంటూ పో, ఎక్కడుంటే అదే సున్నా అనుకో. గ్యాస్ అయితే ఒక్కసారిగా వస్తుంది, అప్పుడు అరువు. అంతే, నాలుగు వరుసలు. సోమవారం నుంచి కోడిపుంజు నోరు మూసుకుంది. పాంటెలిస్ గారు నా రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, నువ్వు బంగారం అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు, నిశ్శబ్దంగా ఉంటే పని చేస్తున్నట్టే అనుకున్నాం అందరమూ.

నిన్న నాన్నకి మూడో సంవత్సరీకం. గోధుమలు ఉడకబెట్టి, గుడ్డ మీద ఆరబెట్టి, దానిమ్మ గింజలు, బాదంపప్పు, ఎండుద్రాక్ష కలిపి, పైన చక్కెర పరిచి చర్చికి తీసుకెళ్ళాలి, ఆ పని ముందురోజు రాత్రి నుంచే ఉంటుంది. మేనత్త ఎవాంథియా థెస్సలోనికి నుంచి వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే, ఏడాదికి ఒక్కసారి, బస్సు దిగగానే మొదలు, గుమ్మం ఎందుకు తుడవలేదు, కర్టెన్లు ఏమిటి ఇలా వెలిశాయి, లాజరోస్ పొట్టేమిటి. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మిగిలిన గోధుమలు గిన్నెల్లో సర్దుతున్నాం, ఇద్దరమే, ఆమె చెంచా ఆపి, "నాకు ఇప్పటికీ అర్థం కాదే ఆర్గిరో, నీకు కనపడలేదా?" అంది. ఏం అత్తా అన్నాను, ఏమిటో తెలిసే అన్నాను. "ఆ ఈస్టరుకి నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చూశాను. మీ నాన్న స్తాథిస్ సగమైపోయాడు. నేను కెవ్వున అరిచాను, నీకు గుర్తుందా? నువ్వేమో, నాన్న బాగానే ఉన్నాడత్తా, కొద్దిగా దగ్గు అంతే అన్నావు. ఒకే ఇంట్లో ఉన్నావు కదే, రోజూ పక్కనే కూర్చుని తిన్నావు కదే." తిట్టడానికి అనలేదు, నిజంగానే అడిగింది. కనపడింది అత్తా. కనపడకేం. నెలకోసారి నాన్న మేకు తీసుకుని బెల్టుకి కొత్త చిల్లు పెట్టుకునేవాడు, సుత్తి ఏదే అంటే నేనే తెచ్చి ఇచ్చాను, ఒకసారి కాదు, నాలుగు సార్లు. ప్రతిసారీ ఆ రోజు నాన్న నిన్నటి నాన్నలాగే ఉండేవాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతని, యాభై గ్రాములో, వంద గ్రాములో. నేను ప్రతిరోజూ ఆ కాస్త తేడా తీసేసి కొత్తగా మొదలుపెట్టుకున్నాను, ఇదే నాన్న, ఇదే మామూలు, అని. డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళేసరికి ఆయన ఎక్స్‌రే చూసి, ఇన్నాళ్ళు ఎక్కడున్నారమ్మా అని అడిగాడు. ఇంట్లోనే ఉన్నాం డాక్టరుగారూ. ఇంట్లోనే.

చెంచా చేతిలో అలాగే ఉంది, అత్త ఇంకా ఏదో అంటోంది, నాకు వినపడటం మానేసింది, ఎందుకంటే నేను రాసిన నాలుగు వరుసలు కళ్ళ ముందు కనపడుతున్నాయి, నిమిష నిమిషానికీ సున్నాని జరుపుకుంటూ పో. గ్యాస్ ఒక్కసారిగా వస్తుందని నాకెవరు చెప్పారు? గొట్టం పగిలితే ఒక్కసారిగా వస్తుంది. ఒక నట్టు పావు మలుపు వదులైతే? ఒక రబ్బరు ఉంగరం ఎండి చిట్లితే? బుడగ బుడగగా, శనివారం సాయంత్రం మొదలై సోమవారం పొద్దున దాకా, హాలు పైకప్పు కింద చేరుతూ, చేరుతూ. తేలిక కదా, పైకే పోతుంది. సెన్సర్ దాన్ని చూస్తూనే ఉంటుంది, ప్రతి నిమిషమూ చూస్తుంది, చూసి తీసేస్తుంది, ఇంట్లో వాసనకి ముక్కు అలవాటు పడిపోయినట్టు. నాన్నని నేను చూసినట్టే. సోమవారం ఏడింటికి లాజరోస్ తలుపు తీసి, అలవాటుగా ముందు తెరవైపు చూస్తాడు, సున్నా ఉంటుంది, వెనక్కి తిరిగి వాళ్ళకి చెయ్యూపుతాడు, రండి అని. ఆపైన లైటు స్విచ్చి నొక్కుతాడు.

పదకొండూ ఇరవై రెండు. అరువు. ఇరవై మూడు. అరవవే నా తల్లీ, నీకు మొక్కుతాను, నన్ను పిచ్చిదాన్ని చెయ్యి, ఊరంతా నవ్వనీ, ఈసారి నేను నిజంగానే నవ్వుతాను. ఇరవై నాలుగు. సున్నా పాయింటు సున్నా. ఇరవై ఐదు. గడియారం ముందుందేమో. ఇరవై ఏడు. ఇంక తల తిప్పి ముల్లు మీటరు చూశాను, ముల్లు పాయింటు నాలుగు దాటి పాయింటు ఐదుకి దగ్గర్లో ఉంది, పాతకాలపు మొరటు మనిషిలా ఉన్నదున్నట్టు చెప్తోంది. ఇటు తిరిగితే సున్నా. అటు తిరిగితే అర. ఒకే పెట్టె, ఒకే గాలి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఏం చెయ్యాలో తెలుసు, తెలిసి కూర్చున్నాను, అరగంట ఉంది కదా అని కూర్చున్నాను, ఆ అరగంటలో మనసు ఎన్ని వకాల్తాలు పుచ్చుకుంటుందో చూడండి. సంతకం పెట్టకపోతే హాలు తెరవరు. కొత్త వరుసలు రాయాలి, తేమకీ గ్యాస్‌కీ తేడా తెలిసేలా పక్కన ఇంకో సెన్సర్ కట్టాలి, మళ్ళీ చలికాలం అంతా పరీక్షలు, ఎంత లేదన్నా ఆరు నెలలు. ఆరు నెలలు ఆ కంపెనీ ఆగుతుందా, బల్గేరియాలో ఇంకెవరి దగ్గరో మామూలు సెన్సర్లు కొనుక్కుంటుంది, మా ఏడుగురి పని గోవిందా. ఆగితే ఆగినన్నాళ్ళూ పన్నెండు మందినీ మళ్ళీ ఇంటికి పొమ్మంటారు. లాజరోస్ హెల్మెట్ మేకుకి వేలాడుతుంది, నేను రోజూ దాని పక్కనుంచి వంటగదిలోకి వెళ్ళాలి. అసలు అంత నెమ్మదిగా గ్యాస్ కారడం ఎన్నేళ్ళకోసారి జరుగుతుంది? జరిగినా పైకప్పుకి ఆరు గాలి కిటికీలున్నాయి, ఎప్పుడూ తెరిచే ఉంటాయి, అవి మూసే వీలే లేదు, గీసిన బొమ్మలో నేనే చూశాను, తలుపులు కూడా పెట్టలేదు వాటికి. చేరిన గ్యాస్ చేరినట్టే బయటికి పోతుంది. అవును, పోతుంది. ఇది నాకెందుకు ముందే తట్టలేదు? సెన్సర్ చూడకపోయినా గాలి కిటికీలున్నాయి. సంతకం పెట్టి, ఎవరికీ చెప్పకుండా, జనవరిలో ఏదో మరమ్మతు పేరు చెప్పి లోపలికెళ్ళి నాలుగు వరుసలూ మార్చేస్తాను. ఎవరికీ నష్టం లేదు. రెండు నెలలే. రెండు నెలల్లో ఏమవుతుంది? మంచి ఆలోచన. గుండె కుదుటపడింది, పడగానే నాకు నేనే ఛీ అనుకున్నాను, అనుకుని కూడా కాగితం దగ్గరికి లాక్కున్నాను. పదకొండూ యాభై. పెన్ను మూత తీశాను.

తలుపు తోసుకుని లాజరోస్ వచ్చాడు, రెండు చేతుల్లో రెండు కాఫీలు, భుజంతో తలుపు మూశాడు. "ఏమ్మా ఇంజనీరమ్మా, అయిందా నీ జాతకం చూడడం?" అన్నాడు. నా వంక చూడలేదు, ముందు తెరవంక చూశాడు. మొహం విప్పారింది. నిజంగా, ఆ మొహం అలా చూసి ఎన్నేళ్ళయిందో. "సున్నా! గంటనుంచీ సున్నానా? చూశావా మరి, నీదంతా ఉత్త బెంగ." తలుపు కొద్దిగా తీసి, అవతలికి కేకేశాడు, "ఒరేయ్, సున్నారా! సున్నా!" అవతల కేకలు, ఈలలు, ఎవడో ఇనప గొట్టం మీద టంగుమని కొట్టాడు. లాజరోస్ వెనక్కి వచ్చి కాఫీ నా ముందు పెట్టాడు, చేతులు రుద్దుకుంటున్నాడు, ఒంటి మీద వట్టి ఊలు స్వెట్టరు, ముక్కు ఎర్రగా ఉంది, పెదాలు నల్లబడ్డాయి. బయటికెళ్ళి కాఫీ తెచ్చినట్టున్నాడు, నవంబరు చలి. నేను పెన్ను కాగితం మీద ఆనించాను, నా పేరులో మొదటి అక్షరం రాశాను, రాస్తూ, ఊరికే, ఏ పెళ్ళామైనా అడిగినట్టే అడిగాను.

"కోటేది? ఈ చలిలో ఇలా తిరుగుతున్నావేంటి?"

"కోటా, పైనుంది."

"పైనెక్కడ?"

"పైనే, గాలి కిటికీల్లో. సోమవారం నుంచి చచ్చిపోతున్నామనుకో ఆ ఈదురుగాలికి, వాటికి తలుపులు కూడా పెట్టలేదు పెద్దమనుషులు. నిచ్చెన వేసి అందరి కోట్లూ కుక్కేశాం, ఒక్కోదానికి రెండు. గనిలో షెడ్డుకి ఎప్పుడూ చేసేవాళ్ళం కదా, మీ నాన్నే నేర్పాడు. ఇప్పుడు చూడు, లోపల పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది." నవ్వాడు. "ఏంటే, అలా చూస్తావ్? పండగనాటికి తీసేస్తాంలే, బిషప్పు వస్తాడు కదా. మళ్ళీ ఆ మర్నాడు పెట్టుకుంటాం."

పెన్ను కింద పెట్టాను. కింద పెట్టానని తర్వాత తెలిసింది, అది దొర్లి నేల మీద పడిన చప్పుడుకి. "లాజరోస్, ఇలా కూర్చో" అన్నాను. కూర్చోలేదు. "ఆ పెట్టెలో ఇప్పుడు గ్యాస్ ఉంది."

"ఉంటే సున్నా ఎందుకు చూపిస్తుంది?"

"అటు చూడు. ముల్లు చూడు."

చూశాడు. ముల్లు మీటరు చదవడం వాడికి నేర్పక్కర్లేదు, జీవితమంతా ముళ్ళు చదివినవాడే. మళ్ళీ తెరవంక చూశాడు, మళ్ళీ ముల్లువంక, మెల్లగా వంగి అద్దానికి మొహం దగ్గరగా పెట్టాడు, లోపల ఏదో కనపడుతుందన్నట్టు. "పాయింటు ఎనిమిది" అన్నాడు. "పాయింటు నాలుక్కి అరవాలి కదా ఇది."

"అరవదు. నెమ్మదిగా వస్తే ఎంతున్నా అరవదు. రెండు కాదు, నాలుగు పాళ్ళున్నా సున్నానే చూపిస్తుంది. నువ్వు సున్నా చూసి లోపలికి వెళ్తావు."

"పొద్దున అరిచింది కదే!"

"పొద్దున ఒక్కసారిగా వదిలారు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడి బుర్రలో హాలు కనపడుతోందని నాకు తెలుసు, మూసిన కిటికీలు, శనివారం రాత్రి, ఆదివారం, సోమవారం పొద్దున ఏడు. తర్వాత గొంతు తగ్గించి, కోపంతోనే తగ్గించి, "ఎవడు చేశాడు ఈ పని? అసలు అలా పనిచెయ్యమని దానికి ఎవడు రాశాడు?" అన్నాడు.

"నేను."

"నువ్వా? ఎందుకు?"

అబద్ధం చెప్పడానికి బోలెడు మంచి మాటలున్నాయి, తేమ, గ్రాఫీన్ స్వభావం, పరీక్ష నిబంధనలు. "మీరందరూ నవ్వారని" అన్నాను. "నువ్వు నవ్వావని." అనగానే ఏడుపొచ్చింది, ఇన్ని నెలలూ రానిది ఇప్పుడొచ్చింది, ముక్కు తుడుచుకుంటూ, "ఒక్క రోజు నవ్వులపాలవడం ఇష్టంలేక నిన్ను చంపేసేదాన్ని లాజరోస్, ఈ క్షణం దాకా సంతకం పెట్టబోయాను, గాలి కిటికీలు ఉన్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను" అన్నాను. నన్ను తిడితే బాగుండేది. పెద్ద చెయ్యి, వేళ్ళ సందుల్లో ఇంకా గని నలుపు, ఆ చేత్తో మొహం మొత్తం ఒకసారి తుడుచుకున్నాడు, చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. "నేను నవ్వానని" అన్నాడు, నన్ను అడుగుతున్నట్టు కాదు. తర్వాత, "ఎన్నాళ్ళు పడుతుంది బాగుచెయ్యడానికి?"

"ఆరు నెలలు. ఇంకా ఎక్కువే కావచ్చు. కంపెనీ ఆగకపోవచ్చు."

"ఊఁ." వంగి నేలమీంచి పెన్ను తీశాడు. "కాగితం ఇటియ్యి. ముందు నేను రాస్తాను, మేం తీసుకోం అని. మేస్త్రీ వద్దన్నాడని పోతుంది. నువ్వు తర్వాత ఏదైనా రాసుకో. ముందు నీ పేరు కనపడితే ఊళ్ళో నిన్ను బతకనివ్వరు, పన్నెండు కొంపలే, వాళ్ళ ఆడవాళ్ళ నోళ్ళు నీకు తెలీదు."

"పై గడి నాది."

"ఆర్గిరో, మొండికెయ్యకు."

"తప్పు నాది, గడి నాది, ఇటియ్యి" అని పెన్ను లాక్కున్నాను, ఇద్దరం కాసేపు ఒక పెన్ను కోసం పెనుగులాడాం, సిగ్గులేకుండా, ఈ వయసులో. రాసిన ఒక్క అక్షరమూ కొట్టేశాను. కింద పెద్ద అక్షరాలతో రాశాను, ఒప్పుకోను, నెమ్మదిగా వచ్చే గ్యాస్‌ని ఈ సెన్సర్ చూసి కూడా సున్నా అంటుంది, అలా అనేలా చేసినదాన్ని నేనే, అని రాసి పేరంతా రాశాను. లాజరోస్ చదివాడు, పెదాలు కదుపుతూ, మెల్లగా. కింద గడిలో, మేమూ తీసుకోం, అని రాసి సంతకం పెట్టాడు. పన్నెండవడానికి మూడు నిమిషాలుంది, కారు తలుపులు వేసిన చప్పుడు వినిపించింది, పాంటెలిస్ గారి గొంతు, టైల వాళ్ళ నవ్వు. నేను వాల్వు మూసేశాను.

"వాళ్ళతో నువ్వు మాట్లాడు. నావాళ్ళతో నేను మాట్లాడతా" అని లాజరోస్ లేచాడు. కాఫీ తాగలేదు. తలుపు వెనక్కి వేయకుండానే హాల్లోకి వెళ్ళాడు, ఆ ఈలలూ కేకలూ ఇంకా సాగుతున్నాయి, వాడేం చెప్పాడో నాకు వినపడలేదు, చాలా తక్కువ మాటలే చెప్పి ఉంటాడు, ఎందుకంటే పదకొండు గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇప్పుడు తిడతారు, తిట్టనీ. ఎవరూ తిట్టలేదు. ఆ హాల్లో ఇంకా చుక్క గ్యాస్ లేదు, మూడు వారాల దాకా రాదు, ఇప్పుడిక ఎప్పటికీ రాకపోవచ్చు కూడా, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అయినా ఎవడో నిచ్చెన సిమెంటు నేల మీద బరబరా ఈడ్చుకొస్తున్నాడు, ఇంకెవడో కిందనుంచి పట్టుకోండ్రా అంటున్నాడు, తర్వాత ఒక కోటు పైనుంచి ధప్పున కింద పడింది, తర్వాత ఇంకోటి.